పది రోజుల దాయాదులు

మొన్న ఏదో కాగితం నింపుతూ మా పుట్టింటి ఇంటిపేరు అడిగారు మీరు. చెప్పాను. "ఆ ఇంటిపేరుతో మనవాళ్ళలో పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మమ్మా?" అని కూడా అడిగారు. ఫోనులో అంత సంగతి చెప్పలేక, లేరనేశాను. ఇద్దరు జడ్జీలు ఉండేవారు. వాళ్ళు మనవాళ్ళు కారు. ఒకాయన మాత్రం పది రోజులపాటు అయ్యారు. అదంతా రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదువుకోండి.

అప్పటికి నాకు పదకొండేళ్ళు. రాయపూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా నాన్న మందిర్ హసౌద్ దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్లో అసిస్టెంటు స్టేషన్ మాస్టరు. పొద్దున్న ఒక బండిలో వెళ్ళి, డ్యూటీ దిగాక ఇంకో బండిలో వచ్చేవారు. ఊళ్ళో తెలుగువాళ్ళంటే చాలావరకు మాలాంటి రైల్వేవాళ్ళే. విజయనగరం వైపు నించి ఉద్యోగాలకని ఆ లైను మీద వచ్చి, అక్కడే నిలిచిపోయినవాళ్ళం. బజార్లో ఎక్కడైనా తెలుగు మాట వినిపిస్తే మా అమ్మ నడక ఆపేసేది. ఎవరో, ఏ ఊరో కనుక్కుంటేగాని కదిలేది కాదు.

అలాంటి ఊరి కచేరీకి ఒకేసారి ఇద్దరు తెలుగు జడ్జీలు వచ్చారు. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు. మాదీ అదే. కచేరీ వాకిట్లో బోర్డు మీద ఆ ఇంటిపేరు రెండుసార్లు రాసి ఉండేది. మా నాన్న అటు వెళ్ళినప్పుడల్లా ఒకసారి ఆగి చూసుకుని వచ్చేవారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం అంత పొడుగు పేర్లు పలకలేక ఒకాయన్ని బడే సాబ్ అనీ, రెండో ఆయన్ని ఛోటే సాబ్ అనీ అనేవారు. మేం పెద్ద జడ్జిగారు, చిన్న జడ్జిగారు అనుకునేవాళ్ళం. ఒకరి ఉత్తరాలు ఒకరింటికి పోయేవి. ఒకరు చెప్పిన మామిడిపళ్ళ బుట్ట ఇంకొకరి వంటింట్లో దిగేది. వాటిని అటూ ఇటూ మోయడానికే సర్కారు ఒక బంట్రోతుని ఇచ్చిందని మా నాన్న నవ్వేవారు.

ఇంటిపేరు ఒకటైనా వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. గోత్రాలు వేరు, జిల్లాలు వేరు. సాయంత్రం తెలీబంధా చెరువు గట్టున ఎదురుపడితే నమస్కారం పెట్టుకుని చెరో వైపు నడిచేవారట. పెద్దాయన గోదావరి వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఫైలు మొదటి కాగితం నించి చివరి కాగితం దాకా చదివేవారని పేరు. చిన్నాయన మద్రాసులో చదువుకున్నారు. మాట విసురు. వకీళ్ళు ఒక మాట ఎక్కువ మాట్లాడితే గడియారం చూసేవారట.

పెద్ద జడ్జిగారి గోత్రమూ మా గోత్రమూ ఒకటే. అది తెలిసింది శ్రావణమాసం పేరంటంలో. జడ్జిగారి తల్లి పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి. పీట మీద కూర్చుని వచ్చినవాళ్ళందరి వివరాలూ అడుగుతోంది. మా అమ్మ వంతు వచ్చింది.

"మీ ఇంటిపేరేమిటే అమ్మాయీ?"

అమ్మ చెప్పింది.

"గోత్రం?"

అదీ చెప్పింది.

"అయితే పేరంటాలిలాగ ఆ మూల కూర్చున్నావేం? నువ్వు నా కోడలివి. లేచి శనగలు పంచిపెట్టు."

అమ్మ కొంగు దోపుకుని అందరికీ శనగలు పంచింది. ఇంటికొచ్చాక ఆ మాట నాన్నతో మూడుసార్లు చెప్పింది. అత్తగారు లేని మనిషి మా అమ్మ. తను కాపరానికి వచ్చేసరికే ఆవిడ పోయింది. ఆ తరవాత ఆ పెద్దావిడ ఎప్పుడు కబురు పెట్టినా వెళ్ళేది.

ఆ మరుసటి ఏడు మా నాన్న మీద కేసు వచ్చింది. పట్టాలు బాగుచేసే గ్యాంగువాళ్ళు తోపుడు ట్రాలీ లైను మీద పెట్టాలంటే స్టేషన్లో చీటీ తీసుకోవాలి. పని అయి ట్రాలీ దించేశాక ఆ చీటీ తిరిగి స్టేషన్లో ఇచ్చేయాలి. అప్పుడే బండిని వదలాలి. ఒక మధ్యాహ్నం చీటీ తిరిగి వచ్చిందని నాన్న గూడ్సు బండిని వదిలారు. ట్రాలీ లైను మీదే ఉంది. ఒక మనిషికి పాదం పోయింది. మేం చీటీ పంపనేలేదు, స్టేషన్ బాబే మరిచిపోయి బండి వదిలేడని గ్యాంగువాళ్ళు. చీటీ నా చేతికి వచ్చింది, ఫైల్లోనే ఉందని నాన్న. మేజిస్ట్రేటు గ్యాంగువాళ్ళ మాట నమ్మి ఆరు నెలలు జైలు వేశారు. నాన్న జామీను మీద బయట ఉన్నారు. అప్పీలు పెద్ద జడ్జిగారి దగ్గరికి వెళ్ళింది. అది కూడా పోతే నాన్న జైలుకి వెళ్తారు, ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మేం నలుగురం పిల్లలం. ఎక్కడికి వెళ్ళాలో అమ్మకి తెలియదు.

మా వకీలు అక్కడివాడే, హిందీ మాట్లాడేవాడు. కేసు బడే సాబ్ దగ్గరికి రావడం మన అదృష్టమన్నాడు. ఆయన రిజిస్టరు తిప్పి తిప్పి చదువుతారు, ఆ చీటీ ఆయన కంట పడకుండా పోదన్నాడు. చివర్లో చుట్టరికం ఏమైనా ఉందా అని ఒక మాట అడిగాడు.

"బాబూజీ, రిష్తేదారీ తో నహీ హై న?"

"నహీ సాబ్. ఇంటిపేరు ఒకటి, అంతే" అన్నారు నాన్న.

"తో ఠీక్ హై. వాళ్ళ గడప తొక్కకండి. నమస్తే కూడా వద్దు."

అమ్మ ఆ రోజు నించి జడ్జిగారింటికి వెళ్ళడం మానేసింది. పెద్దావిడ రెండుసార్లు కబురు పెట్టింది. ఒంట్లో బాగులేదని చెప్పించింది అమ్మ.

కచేరీలో పేషీ ఇంకో వారం ఉందనగా ఆ పెద్దావిడ పోయింది. పాలు పోసే ఆమె పొద్దున్నే చెప్పింది. అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టి, తిన్నగా వెళ్ళి తల మీద నీళ్ళు పోసుకుని వచ్చింది. దేవుడి గూటికి తెర దించేసింది. మమ్మల్నీ తలార స్నానం చెయ్యమంది.

మీకు ఇది తెలియకపోవచ్చు. ఇంటిపేరూ గోత్రమూ ఒకటైన దాయాదుల ఇంట్లో ఎవరైనా పోతే, మనం ఎంత దూరాన ఉన్నా పది రోజులు మైల. పూజ ఉండదు, గుడికి వెళ్ళకూడదు, ఒకరింటి శుభానికి వెళ్ళకూడదు. మా ఇంట్లో పోపు కూడా వేసేవారు కాదు.

నాన్న డ్యూటీ దిగి వచ్చి తెర చూశారు.

"ఏటిది? వాళ్ళు మనకి ఏమవుతారని? పది తరాలు వెనక్కెళ్ళినా కలుస్తామో కలవమో."

"ఆవిడ నన్ను కోడలన్నాది."

"అంటే?"

"అన్నప్పుడు శనగలు పంచేను కదండీ. ఇప్పుడు కాదంటే ఎలాగ?"

నాన్న చొక్కా విప్పి, నూతి దగ్గరికి స్నానానికి వెళ్ళారు.

ఆరో రోజున పక్క క్వార్టరు గార్డుగారి భార్య బొట్టు పెట్టడానికి వచ్చింది. రెండు రోజుల్లో వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. అమ్మ గుమ్మం లోపలే నిలబడిపోయింది. అప్పుడే ఉతికిన తువ్వాలు మడత పెడుతోంది. మడత పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

"మాకు మైల వదినా. పెద్ద జడ్జిగారి తల్లి పోయేరు కదా."

"మీకు దాయాదులేటి? ఇన్నేళ్ళూ పక్కనుండి ఒక్క ముక్క చెప్పేవు కాదు. జడ్జీల కోడలివని తెలిస్తే నీ చేత అప్పడాలు ఒత్తించుకుందునా?"

అమ్మ నవ్వలేదు. నాకు మాత్రం ప్రసాదం పోయిందని ఏడుపొచ్చింది.

ఊరంతటికీ తెలుగు పురోహితుడు ఒక్కడే. వ్రతం చేయించినది ఆయనే, పొద్దున్నే జడ్జిగారింట్లో కర్మ చేయిస్తున్నదీ ఆయనే. పక్కింటివాళ్ళు రాలేదేమని ఆయన అడగడం, గార్డుగారి భార్య చెప్పడం, మర్నాడు అది జడ్జిగారికి తెలియడం జరిగిపోయాయి.

జడ్జిగారు సెలవులో ఉండటంతో పేషీ వాయిదా పడింది. ఆయన తిరిగి వచ్చిన రోజున అమ్మా నేనూ కూడా వెళ్ళి కచేరీ వరండాలో కూర్చున్నాం. తలుపు తీసే ఉంది. జడ్జిగారు గుండుతో ఉన్నారు, ఆయన్ని అలా చూస్తే నాకు భయం వేసింది. మా వకీలు లేచి మొదలుపెట్టబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపి, నాన్నని తెలుగులో అడిగారు.

"మీ ఇంట్లో మా అమ్మకి మైల పట్టారని పంతులుగారు చెప్పారు. నిజమేనా?"

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. వకీలు నాన్న మోచెయ్యి లాగి, ఏమడిగారని "క్యా పూఛా? క్యా పూఛా?" అంటున్నాడు. నాన్న కాదంటే సరిపోయేది. పంతులు పొరబడ్డాడు సార్ అంటే కేసు అక్కడే ఉండేది. నాన్న వరండా వైపు చూశారు. అమ్మ తల దించుకుంది.

"పట్టేం సార్."

"ఎందుకు పట్టారు?"

"ఇంటిపేరూ గోత్రమూ ఒకటే. మీ అమ్మగారు మా ఆవిణ్ణి కోడలనీవారు. అంతకి మించి చుట్టరికం ఉందో లేదో నాకు తెలీదు సార్."

జడ్జిగారు కాసేపు బల్ల మీద కాగితాలు సర్దుకున్నారు.

"నాకూ తెలీదు. తెలీనప్పుడు ఈ కేసు నేను వినకూడదు."

తరవాత ఇంగ్లీషులో ఏదో రాయించారు. కేసు చిన్న జడ్జిగారికి మారింది. బయట అంటించిన కాగితం మీద బంట్రోతు జడ్జి ఇంటిపేరు కొట్టెయ్యక్కర్లేకపోయింది, గది నంబరు మార్చాడంతే.

వకీలు వరండాలోకి వచ్చి నుదురు కొట్టుకున్నాడు. "బహన్‌జీ, రోనా థా తో మన్ మే రో లేతీ" అన్నాడు. ఏడవాలనుంటే మనసులో ఏడవలేకపోయారా అని. అమ్మకి హిందీ బాగానే వచ్చు.

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు.

"నేనే చెడగొట్టేను" అంది.

"నువ్వు మైల పట్టేవు. పట్టేమని నేను చెప్పేను. చెరి సగం. లేచి తిను" అన్నారు నాన్న.

చిన్న జడ్జిగారు అప్పీలు ఒక్క పూటలో వినేశారు. ఆయన మాకు ఏమీ కారు, ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తీర్పు వారం తరవాత చెప్పారు. చీటీ తిరిగి వచ్చిన మాట నిజమే, ఫైల్లో ఉంది. కానీ దాన్ని ఎన్ని గంటలకి పుచ్చుకున్నదీ బాబు రిజిస్టరులో రాయలేదు, చీటీ తెచ్చిన మనిషిని ట్రాలీ దిగిందా అని అడగనూ లేదు. తప్పు ఉంది, జైలు అక్కర్లేదు, జరిమానా చాలు అన్నారు. నాన్న జైలుకి వెళ్ళలేదు. కానీ తప్పు ఉందని ఉండిపోయింది కాబట్టి బళ్ళు వదిలే పని నించి తీసేసి, రాయపూర్‌లోనే పార్సిలాఫీసులో గుమాస్తాగా వేశారు. జీతం తగ్గింది. క్వార్టరు కూడా మారాం, చిన్నది. పాదం పోయిన మనిషిని చూడ్డానికి నాన్న చాలాకాలం వెళ్తూ ఉండేవారు. ఆ మనిషి ఇల్లు తిల్దా దగ్గర.

పెద్ద జడ్జిగారు విని ఉంటే పూర్తిగా వదిలేసేవారా? లేకపోతే ఆయనా అంతే అనేవారా? మా ఇంట్లో ఈ ప్రశ్న పైకి ఎవరూ అడగలేదు. అమ్మ మనసులో అదే ఉందని మాత్రం అందరికీ తెలుసు.

ఇంకో ఏడాదికి పెద్ద జడ్జిగారికి నాగపూర్ బదిలీ అయింది. సామాను బుక్ చెయ్యడానికి బంట్రోతుని పంపకుండా ఆయనే పార్సిలాఫీసుకి వచ్చారు. నాన్న రసీదు రాస్తుంటే ఎదురుగా నిలబడ్డారట.

"మీ ఆవిడ ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగారట.

నాన్నకి ముందు అర్థం కాలేదు. తరవాత "పది రోజులు సార్" అన్నారు.

"మా సొంత తమ్ముడింట్లో మూడు రోజులే పట్టారు. ఉద్యోగాలు, వీలు కాలేదన్నారు" అని రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారట.

నాన్న ఆ సాయంత్రం వస్తూనే అమ్మకి ఈ మాట చెప్పారు. అమ్మకి సంతోషం కలుగుతుందనుకున్నారు పాపం. అమ్మ వింటూ వింటూ మొహం తిప్పేసుకుంది.

"ఇంకేటన్నారు?"

"పెట్టెలు ఎనిమిది, మంచాలు రెండు అన్నారు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న నావంక చూశారు. నాకేం తెలుసు?

నాకు పెళ్ళయి, మీ అమ్మ పుట్టినప్పుడు పురిటికి వెళ్ళాను. పురిటి మైల లెక్క వేళ్ళ మీద చూస్తూ, ఉన్నట్టుండి అమ్మే ఆ మాట ఎత్తింది.

"ఆ జడ్జిగారితో మీ నాన్న పది రోజులని చెప్పేరు గానీ, నేను పట్టింది తొమ్మిదేనే."

"అదేమిటి? తెర తీసింది పదకొండో రోజునే కదా, నేను చూశాను."

"ఆరో రోజున పక్కింటావిడ బొట్టు పెట్టడానికి వచ్చింది చూడు. ఒంట్లో బాగులేదంటే పోయీది. ఆ పెద్దావిడ పిలిచినప్పుడల్లా అదే కదా చెప్పించేను. వీళ్ళింటికి పంతులు వస్తాడు, ఇక్కడి నించి అక్కడికెళ్తాడు, జడ్జిగారి చెవిని పడుతుంది, మనమీద దయ కలుగుతుంది అనుకున్నాను. తువ్వాలు మడత పెడుతూ అనుకున్నాను. అనుకునే చెప్పేను. ఆ ఒక్క రోజూ ఆవిడ కోసం పట్టలేదే. మీ నాన్న కేసు కోసం పట్టేను."

అని, నీ తలకి నూనె రాయనీ, ఇటు తిరుగు అంది.