సొరంగం లేని ఇల్లు

రేణుకి మొహమాటం తెలియదు. అమెరికాలో, నోవై అనే ఊళ్లో ఒక కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. ఎవరి కోడ్ బాగోలేకపోయినా, ఎవరి కూర బాగోలేకపోయినా ముఖం మీదే చెప్పేస్తుంది. నాకు కోడ్ రాయడం రాదు కాబట్టి బతికిపోయాను గానీ, పక్కింటిదాన్ని కనక నా కూరలకి మాత్రం మోక్షం దొరకలేదు.

అలాంటి మనిషి ప్రతి శనివారం గంటన్నర డ్రైవ్ చేసుకుంటూ ఎల్వుడ్ ఫారంకి ఎందుకు వెళుతుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. అది ఒకప్పుడు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల ఇల్లు. మనుషుల్ని కొనడం, అమ్మడం పాపమని నమ్మిన కుటుంబం, దక్షిణాది రాష్ట్రాల నుంచి తప్పించుకొచ్చిన బానిసలకి ఆశ్రయమిచ్చింది. ఇప్పుడది మ్యూజియం. రేణు అక్కడ జీతం లేని గైడు. "సొంతింట్లో దుమ్ము దులపడానికి తీరిక లేదు గానీ, ఎవరి ముత్తాతల ఇల్లో తుడిచొస్తుంది" అని దెప్పేదాన్ని.

మొన్న అక్టోబరులో మా పిల్లల అయిదో తరగతిని రెండు బస్సుల్లో అక్కడికి తీసుకెళ్లారు. తోడు వెళ్లిన తల్లిదండ్రుల్లో నేనొకదాన్ని. రేణు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ గైడుగా వచ్చింది. తన కూతురు నైనిక మా బస్సులో ఒకటే గొప్పలు: ఆ ఇంటి కింద సీక్రెట్ టన్నెల్ ఉందట, బానిసలు అందులోంచే పారిపోయారట, వాళ్లమ్మ అందరినీ లోపలికి తీసుకెళుతుందట. పాపం, ఆ పిల్ల ఈ స్కూల్లో కొత్తగా చేరింది. పిల్లలు దాని చుట్టూ చేరి మాట్లాడడం నేను మొదటిసారి చూసింది ఆ బస్సులోనే.

ఆ ఇంటి నేలమాళిగలో గోడకి పెద్ద కన్నం ఉంది. పిల్లలంతా అక్కడ మూగి "ఇదేనా టన్నెల్?" అని అరిచారు. నైనిక తల్లి వంక చూసింది. ఆ చూపుకి నా ప్రాణం ఉసూరుమంది. రేణు చెవిలో అన్నాను: "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. పిల్ల కోసం ఒక్కటి ఆడవే తల్లీ!"

"కాదు," అంది రేణు పిల్లలతో. "చలికాలానికి ఆపిల్స్ దాచుకునే గూడు ఇది. ఈ ఇంట్లో టన్నెల్ లేదు."

అందరూ ఉస్సూరుమన్నారు. ఎవరో నైనికని "లయర్" అన్నారు. నైనిక వెళ్లి మెట్ల దగ్గర ఒంటరిగా నిలబడింది. నాకు రేణుని అక్కడే నాలుగు ఉతకాలనిపించింది.

రేణు ముఖం కూడా పాలిపోయింది. అయినా అందరినీ పైకి, భోజనాల గదిలోకి తీసుకెళ్లింది. రోడ్డువైపు పెద్ద కిటికీ, పక్కనే పొడవాటి బల్ల.

"వచ్చినవాళ్లని ఈ కుటుంబం దాచలేదు. పొలంలో పనిచ్చింది, జీతమిచ్చింది. మూడు పూటలా ఈ బల్ల దగ్గర తమ పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇరుగుపొరుగు మాట్లాడడం మానేశారు. అయినా వీళ్లు ఆ కిటికీకి తెర వెయ్యలేదు."

"జస్ట్ లంచే కదా, అందులో ఏముంది?" అన్నాడొక పిల్లాడు.

రేణు ఆ బల్ల మీద చెయ్యి వేసింది. "మా తాతయ్య ఇండియాలో ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. మా కులం వాళ్లు ముట్టుకున్నది ఆ ఇంట్లోవాళ్లు ముట్టుకోరు. ఆయన గ్లాసు విడిగా బయట చూరులో ఉండేది. అన్నం పశువుల పాక దగ్గర పెట్టేవారు. జీవితమంతా ఆ ఇంటికి పనిచేశాడు, ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. అందుకే ఈ బల్ల ఎంత పెద్దదో నాకు తెలుసు."

పక్కింట్లో ఉంటూ నాకే ఈ సంగతి తెలియదు. పార్టీల్లో మనవాళ్లు "మీదే ఊరు, మీరేమిట్లు?" అని కులం కూపీ లాగితే, ఊరి పేరు చెప్పి మాట మార్చేసేది. ఆవేళ మాత్రం, ఆ పార్టీల్లో కనిపించేవాళ్లలో ఒకరు, నాలాగే పిల్లలకి తోడొచ్చిన జగదీష్ గారు వింటుండగానే చెప్పేసింది. ఆయన ఫోన్‌లో ఏదో వెతుక్కోసాగారు. నేను వెళ్లి రేణు పక్కన నిలబడ్డాను. నా స్నేహితురాలని పదిమందికీ కేకేసి చెప్పాలన్నంత గర్వం కలిగింది.

నైనిక మెల్లగా ముందుకొచ్చింది. "అమ్మా, మీ తాతయ్య ఇక్కడికి వస్తే... ఇక్కడ కూర్చోవచ్చా?"

"ఏ కుర్చీలో కావాలంటే ఆ కుర్చీలో, నాన్నా."

అంతలో రెండో బస్సు పిల్లలు గుమ్మంలోంచే "టన్నెల్ ఎక్కడ?" అంటూ తోసుకొచ్చారు. రేణు నోరు తెరిచేలోగా నైనిక వాళ్లకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"టన్నెల్ లేదు," అంది గట్టిగా. "ఈ ఇంట్లో ఎవరూ దాక్కోలేదు. రండి, వాళ్లు కూర్చున్న టేబుల్ మా అమ్మ చూపిస్తుంది."