ఎస్తేరు పేరు చదివినప్పుడు

ఆఫీస్ పనిమీద హాలండ్ వెళ్ళిన మా అమ్మాయి, ఒక ఆదివారం అక్కడి పాత క్యాంపుదాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి నాకు ఫోటో పంపింది. యుద్ధకాలంలో యూదుల్ని రైళ్ళెక్కించి చావుకి పంపేముందు ఆపి ఉంచిన చోటు అది. ఇప్పుడంతా పచ్చగడ్డి. "అమ్మా, ఆంటీవాళ్ళని పెట్టింది ఇక్కడేనా?" అని అడిగింది. జవాబు రాయడానికి నాకు పూటంతా పట్టింది.

ఆ ఆంటీ ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా ఇంటి ఓనరు, హాలండ్ నుంచి వచ్చిన యూదురాలు. కింద ఆవిడ, పైన మేము. నేను హాస్పిటల్‌లో నర్సుని. సెలవురోజు ఎండుచేపలు వేయిస్తే ఆవిడ కిందనుంచి చీపురుకర్రతో సీలింగ్‌ని పొడిచేది. తీరా వేపుడయ్యాక ఏదో వంకతో పైకొచ్చి కుర్చీ లాక్కునేది. ఒకసారి మాటల్లో మా నాన్న ఇస్సాకు, బాబాయిలు సమూయేలు, యాకోబు, నాయనమ్మ ఎస్తేరు అని చెబితే తినడం ఆపేసింది. అవన్నీ చిన్నప్పుడు వాళ్ళ వీధిలోవాళ్ళ పేర్లట. మా గుంటూరులో ఆ పేర్లకి కొదవలేదు. వాళ్ళ వీధిలో ఆ పేర్లవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు.

ఏటా వాళ్ళ ప్రార్థనామందిరంలో అలా పోయినవాళ్ళ పేర్లు చదివేవారు. ఈవిడ ఎప్పుడూ వెళ్ళేది కాదు. క్యాంపులో రైలెక్కాల్సినవాళ్ళ లిస్టు విన్న చెవులు మరి. ఒక ఏడు మాత్రం, "మా చెల్లెలి పేరు వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను. మధ్యలో లేచి పారిపోతానేమో, పక్కన కూర్చో" అంది. నాలుగేళ్ళ పిల్లని ఎక్కడ వదలను? వెంట తీసుకెళ్ళాను.

చదవడం మొదలైంది. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎస్తేరు" అన్నారు. ఇంటిపేరు చదివేలోపే మా పిల్ల బెంచీ మీద లేచి నిలబడి, "ప్రెజెంట్!" అని అరిచింది. దానికి మా నాయనమ్మ పేరు పెట్టింది నేనే. తెలుగు చర్చి సండేస్కూల్‌లో హాజరు పిలిస్తే లేచి గట్టిగా పలకాలని నేర్పిందీ నేనే. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. బయటికి ఎత్తుకుపోబోతే ఆవిడ మా పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మా చెల్లీ ఇలాగే పలికింది," అంది మెల్లగా. "ఏడేళ్ళది. రైలెక్కిస్తారని సంబరపడింది. లిస్టులో నా పేరు లేదు."

చివరి పేరుదాకా కదలకుండా కూర్చుంది.

నాలుగేళ్ళ తర్వాత, మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజుకి ఆవిడ పైకొచ్చింది. కేక్ ముట్టుకోలేదు. మా పిల్లనే ఎగాదిగా చూస్తూ, "ఎనిమిదేళ్ళ ఎస్తేరు ఇలా ఉంటుందన్నమాట," అంది. కాలం ఎవరికోసమూ ఆగదనే అంతవరకూ అనుకున్నాను. ఏడేళ్ళ ఆ చెల్లెలి దగ్గర అది ఆగిపోయి నలభై ఏళ్ళయిందని ఆవిడ మొహం చూశాకే తెలిసింది.