కొలంబోలో కురుమయ్య మామ పడేసిన ముక్కలు

మా మామ కురుమయ్య పంచాయితీ నడుస్తున్నన్నాళ్ళూ అవతలి పక్షం ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. మా ఊళ్ళో ఇది పాత కట్టుబాటు. అవతలివాడి గడప తొక్కి తిన్నవాడికి పంచాయితీలో నోరు విప్పే హక్కు పోతుంది. ఎవడన్నా విప్పబోతే "తినొచ్చినోనివి, ఏం మాట్లాడ్తవ్, కూసో" అని పెద్దలు కూర్చోబెడతారు. ఇప్పటివాళ్ళు దీన్ని ఎగతాళి చేస్తారు గానీ, మామ మాత్రం ఈ విషయంలో రాయి. ఒకసారి గట్టు తగాదాలో అవతలివాళ్ళ పిల్ల పెండ్లికి పోయి, అక్షింతలు వేసి, అన్నం తినకుండా ఎండలో ఇంటికి నడిచొచ్చాడు.

అలాంటి మనిషి పరాయి సొమ్ముతో కొలంబోకు పోయి, తిని, తిరిగి, పేకాడి వచ్చాడని గద్వాలలో నిండు సభలో తేల్చారు. ఆ సభలో నేనూ ఉన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మామ చెప్పుకోడు కాబట్టి నేను చెబుతున్నాను.

మా ఊరు అయిజకు దగ్గర. విత్తనపత్తి పండిస్తాం. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు గిల్లిపెట్టి, తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కో మొగ్గకు పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటాం. ఇప్పుడు నేను అయిజలో బట్టలు కుడుతున్నాను గానీ, పెండ్లయ్యేదాకా మామ చేనులో అదే పని చేశాను. నడుము వంచి సాలు వెంట పోతుంటే మామ వెనక నుంచి, "వసంతా, పూలకు బొట్టు పెడ్తున్నవా, సున్నమేస్తున్నవా, జర మెల్లగ" అని వెక్కిరించేవాడు.

కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజర్ ఉంటాడు. విత్తనం వచ్చేదీ, పంట పోయేదీ అతని చేతి మీదుగానే. మా ఊరికి ఆర్గనైజర్ వెంకట్రాములు. ఊరంతా ఆయన్ను సారూ అంటుంది. ఒక్క మామ మాత్రం దోస్తూ అంటాడు. చిన్నప్పుడు ఇద్దరూ కురుమూర్తి జాతరలో ఒకే విస్తరిలో తిని దోస్తులు కట్టుకున్నారు. అలా కట్టుకున్నవాళ్ళు చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు పలకకూడదు. వెంకట్రాములుకు కారొచ్చింది, గద్వాలలో మేడ లేచింది. మామకు అదే చేను, అదే పాత మోటరు బండి. పిలుపు మాత్రం మారలేదు.

ఇంకో సంగతి ఉంది. వెంకట్రాములు అబద్ధం ఆడేటప్పుడు ఎడమ చెవి తమ్మె పట్టుకుంటాడు. బళ్ళో జామకాయలు ఎవరు దొంగిలించారని అయ్యవారు అడిగిన రోజు నుంచీ అంతేనట. పాపం, ఆయనకే తెలియదు. మామ నాకూ, హన్మమ్మ అత్తకూ తప్ప ఈ ముచ్చట ఎవరికీ చెప్పలేదు. "దోస్తుది గుట్టు, ఊరికి ఎందుకు?" అనేవాడు.

పోయిన పంటకు కంపెనీ మా ఊరి విత్తనాన్ని తీసుకోలేదు. పరీక్షలో కల్తీ తేలింది, క్రాసింగ్ సరిగ్గా చేయలేదు అంది. కానీ చేను పూతకొచ్చినప్పుడే ఒకే సాలులో రెండు రంగుల పూలు పూశాయి. కల్తీ వాళ్ళిచ్చిన మూల విత్తనంలోనే ఉంది. కంపెనీ మనిషి చేను చూడటానికి వచ్చినప్పుడు మామ ఆ పూలు తెంపి అతని చేతిలోనే పెట్టాడు. అతను చూసి, జేబులో వేసుకుని పోయాడు. ఊరంతా కలిసి ఫిర్యాదు చేసింది. అధికారుల ముందు రెండు పక్షాలూ మాట్లాడుకోవడానికి గద్వాలలో ఒక ఫంక్షన్ హాలులో రోజు పెట్టారు.

మాట్లాడేది ఎవరు? మా ఊళ్ళో కంపెనీ ఇచ్చిన కుక్కరు లేని ఇల్లు లేదు, కంపెనీ పెట్టిన బిర్యానీ తినని నోరు లేదు. ఒక్క మామే ఏనాడూ ఏదీ ముట్టలేదు. పెద్దమనిషి జంగయ్య తాత వచ్చి, "కురుమా, మా నోళ్ళన్ని ఎంగిలైనయ్. నీదొక్కటే మిగిలింది. నువ్వే మాట్లాడాల" అన్నాడు. మామ సరేనన్నాడు. ఊరి బరువంతా ఆ ఒక్క నోటి మీద పడింది.

సభకు ముందే ఒక పొద్దున వెంకట్రాములు మామ ఇంటికొచ్చాడు.

"దోస్తూ, కొలంబో పోతున్న. ఇద్దరికని ప్యాకేజీ తీస్కున్న. మా ఇంట్ల మీ చెల్లె కాళ్ళ నొప్పులని రానంటుంది. నువ్వు రా. సముద్రం జూద్దామని చిన్నప్పటి సంది అనుకుంటనే ఉన్నం గదా?"

మామ మొదట అడిగింది ఒకటే. "కంపెనీదా?"

"థూ! కంపెనీది నీకెందుకు జెప్త? నా సొంతది."

మూలన బోళ్ళు తోముతున్న అత్త తల ఎత్తింది. ఆయన పోయాక, "చెవి వట్టుకున్నడు. నువ్వు జూసినవా లేదా?" అంది.

"దోమ కుట్టిందిలే" అన్నాడు మామ.

చూశాడు. చూసి కూడా దోమ మీదకు తోశాడు. మామను తిట్టాలంటే ఇక్కడ తిట్టాలి. కానీ సముద్రం అన్న మాట వినగానే ఆ ముఖంలో వచ్చిన వెలుగు మీరు చూడలేదు. పాస్‌పోర్టు కూడా ఎప్పుడో దోస్తే వెంటబడి చేయించి పెట్టాడు, ఏనాటికైనా ఇద్దరం సముద్రం దాటాలె అని.

శంషాబాద్‌లో విమానం దగ్గర చూస్తే ఒక గుంపు ఉంది. వనపర్తి వాళ్ళు, నాగర్‌కర్నూల్ వాళ్ళు, అందరూ తెల్ల చొక్కాలే. "ప్యాకేజీ అంటే మంది ఉంటరు దోస్తూ" అన్నాడు వెంకట్రాములు. మామ మెడలో ఒక నీలం పట్టీ వేశాడు. దానికి ఒక అట్ట వేలాడుతుంది, మీద ఇంగ్లీషు అక్షరాలు. "తప్పిపోతే గిది జూసి తోల్కొస్తరు. తియ్యకు" అన్నాడు. మామకు ఇంగ్లీషు రాదు. పడుకునేటప్పుడు కూడా తీయలేదట.

కొలంబో చేరినప్పటి నుంచి నాకు ఫోను మీద ఫోను. "వసంతా, నీళ్ళు ఏడ్నో ఒక కాడ ఆగాల గదనే? ఆగుతనే లేవు! జూరాల గేట్లన్ని ఒక్కపారి ఇడ్సినా గింత సప్పుడు రాదు" అన్నాడు. ఇంకో రోజు ఏనుగులు. "అమ్రాబాద్ అడవిల పులిని జూద్దామని పోతే పులి తోక గూడ కనవడలే. ఈడ ఏనుగులు మందకు మంద, బర్రెలోలె ఏట్లకు పోతున్నయే!" బుద్ధుడి గుడిలో చెప్పులు విడిచి, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో తెలియక వట్టి కాళ్ళతో బస్సెక్కాడట. ఫోనులో పక్క నుంచి వెంకట్రాములు నవ్వు కూడా వినిపించేది. ఆ నవ్వు అబద్ధమని నేను ఈనాటికీ అనలేను. అదే నాకు ఎక్కువ మంట.

చివరి రోజు ఆట హాలుకు పోయారు. కిటికీ లేదు, గడియారం లేదు, పగలో రాత్రో తెలియదు. గుండ్రని బల్ల, ముక్కలు పంచడానికి నల్ల కోటు వేసుకున్న అమ్మాయి. డబ్బులకు బదులు రంగు రంగు బిళ్ళలు. పోకర్ అంటారు. మామకు మూడు ముక్కలాట కొట్టిన పిండి. ఇందులో చేతికి రెండు ముక్కలే. బల్ల మీద పరిచే అయిదూ అందరివీ. దోస్తు బస్సులోనే నేర్పాడు. బిళ్ళలు కూడా అతనే కొనిచ్చాడు.

మామ ముక్కల కంటే మొహాలు ఎక్కువ చూశాడు. ఎదురుగా ఒక బట్టతల పెద్దమనిషి, మంచి ముక్కలొస్తే నీళ్ళు తాగుతాడు, చెత్త ముక్కలొస్తే బిళ్ళలు సర్దుకుంటాడు. అతను బిళ్ళలు సర్దుకున్నప్పుడల్లా మామ తప్పుకోకుండా ఆడాడు. భాష రాదు, పేరు తెలియదు, అయినా ఆ మనిషిని చేతిలో ముక్కలా చదివేశాడు. కాసేపు గెలిచి "సాకు" అన్నాడు. రాయచూరు సంతలో అలవాటైన కన్నడ మాట అది, ఇక చాలు అని. దోస్తు వినలేదు. "ఇంకొక్కటే. ఈపారి నేను, నువ్వు" అన్నాడు.

ఆ ఆటలో మిగతావాళ్ళు తప్పుకున్నారు. మామ చేతిలో రెండు తొమ్మిదులు. బల్ల మీద ఇంకో తొమ్మిది, మూడూ కలిస్తే గెలుపు ముక్కలే. వెంకట్రాములు తన బిళ్ళలన్నీ రెండు చేతులతో బల్ల మధ్యకు తోశాడు. తోసి, ఎడమ చెవి తమ్మె పట్టుకున్నాడు.

మామ ఆ చెవిని చూశాడు. తన తొమ్మిదులను బోర్లా పడేశాడు. "నువ్వే గెల్చినవ్ దోస్తూ" అన్నాడు.

వెంకట్రాములు ముక్కలు తిప్పి చూపించాడు. ఏమీ లేవు. "ఉత్త గాలి దోస్తూ! ఉత్త గాలికే బెదిరినవ్!" అని బల్ల గుద్ది నవ్వాడు. అందరూ నవ్వారు. తర్వాత తన బిళ్ళలన్నీ మామ ముందు గుట్టగా పోసి, "జర నవ్వు దోస్తూ, యాదిగుంటది" అని ఫొటో తీశాడు. మామ నవ్వాడు. ముందరి రెండు పళ్ళు లేని ఆ నవ్వులో కల్మషం వెతికినా దొరకదు.

ఊరికొచ్చాక నాకు గవ్వలిచ్చి ఈ కథంతా చెప్పాడు. నాకు ఆగలేదు. "తెల్సి తెల్సి ఎందుకు పడేసినవ్ మామా?" అన్నాను.

"పదిమందిల దోస్తును అబద్ధాలోడని జూపిస్తనా బిడ్డా? ఆట పోతే పోయింది."

సభ రోజున హాలు నిండింది. ముందు వరుసలో అధికారులు, కంపెనీవాళ్ళు. వాళ్ళ పక్కన వెంకట్రాములు. వెనక మా ఊళ్ళోవాళ్ళు. మామ ఉతికిన పంచె కట్టుకుని, చేనులో తెంపి దాచిన ఆ రెండు రంగుల పూల పొట్లం పట్టుకుని లేచాడు. "కంపెనీ ఇచ్చిన ఇత్తనంలనే..." అని మొదలుపెట్టాడో లేదో, కంపెనీ మనిషి చెయ్యెత్తాడు. "ఒక్క నిమిషం. ఈయన ఎవరి తరఫున మాట్లాడుతున్నారో మీరంతా చూసుకుంటే మంచిది" అన్నాడు మర్యాదగా.

జేబుల్లో ఫోన్లు ఒకటొకటే కూశాయి. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. మామ, ముందు బిళ్ళల గుట్ట, బోసినవ్వు, మెడలో నీలం పట్టీ. అట్ట మీద ఇంగ్లీషులో కంపెనీ పేరు, దాని కింద గౌరవ అతిథి అని. నా పక్కనున్న ఆడవాళ్ళు అడిగితే నేనే చదివి చెప్పాను.

జంగయ్య తాత లేచాడు. "కురుమా, పోయినవా, పోలేదా?"

"పోయిన. కంపెనీ సొమ్ముతోని పోలే. నా దోస్తు సొమ్ముతోని పోయిన. ఆడనే ఉన్నడు, అడుగుండ్రి."

అంత ధీమాగా చెప్పాడు.

వెంకట్రాములు లేచాడు. మామ వైపు చూడలేదు. "అది కంపెనీ టూరే. కురుమయ్యకు తెల్సు. తనే వస్తనని అడిగిండు" అన్నాడు. పేరు పెట్టి అన్నాడు. చెయ్యి చెవి మీదికి పోయింది.

నేను లేచి అరవబోయాను. అత్త నా మణికట్టు పట్టి కిందికి గుంజింది. ఏమని అరుస్తాను? చెవి పట్టుకున్నాడు కాబట్టి అబద్ధం అనా? మామ ఆ చెవిని చాలాసేపు చూశాడు. పూల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. "తినొచ్చినోడు ఏం మాట్లాడ్తడు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కుక్కరు తీసుకున్న నోరే అది. ఫిర్యాదు అక్కడితో కూలిపోయింది. జంగయ్య తాత మామ పక్క నుంచి పోతూ ఆగలేదు, పలకరించలేదు.

బయట హోటలు ముందు మేం బస్సు కోసం నిలబడ్డాం. మా ఊరివాళ్ళు మాకు దూరంగా నిలబడ్డారు. వెంకట్రాములు కుడి చేతిలో చాయ గ్లాసుతో వచ్చాడు, మామకే తెచ్చాడు.

"దోస్తూ, మనసుల వెట్టుకోకు. నా కొలువు కంపెనీ చేతిల ఉంది. గా ఫొటో ఆళ్ళకు ఎట్ల వోయిందో నాకు తెల్వదు, ఒట్టు. జర చాయ దాగు."

ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి చెవి పట్టుకుంది.

మామ గ్లాసు వైపు చూశాడు. చెవి వైపు చూశాడు. అప్పుడు వచ్చిన పిలుపు మామ నోట నేను అంతవరకూ వినలేదు.

"చెవి ఇడ్సిపెట్టుండ్రి సారూ" అన్నాడు. "పంచాయితీ నడుస్తుంది. నేను మీ చాయ ముట్ట."