సాకు అన్నా ఆగని ఓబులమ్మ

ఓబులమ్మ బెంగళూరులో సాధించిన మొదటి విజయం, రెండేళ్ళుగా చక్కెర ముట్టని అశోక్‌కుమార్ చేత నాలుగు గరిటెల పాయసం తాగించడం. వినడానికి చిన్నదిగా ఉంటుంది. చేసినవాళ్ళకు తెలుస్తుంది కష్టం. అశోక్‌కుమార్ అంటే బొమ్మసంద్రలో ఆమె కాపురముండే వఠారం యజమాని కొడుకు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు. కాఫీ కూడా చేదుగానే తాగుతాడు, పైగా బాగుందంటాడు. అటువంటివాడు వినాయక చవితి విందులో విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంటే, ఓబులమ్మ పాయసం బకెట్టుతో ఎదురుగా నిలబడింది. చివరికి అతడు చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి ఎత్తాడు. ఆ సందు చాలింది.

కదిరి పక్క పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, గుణింతాలు తడబడకుండా అప్పజెప్పి పలక గెలుచుకున్న మనిషి ఓబులమ్మ. అయితే ఆమె అసలు పేరు తెచ్చుకున్నది బడిలో కాదు, బంతిలో. మేనత్త కూతురి పెళ్ళిలో కరెంటు పోతే, ఏ ఆకులో అన్నం అయిపోయిందో చప్పుడును బట్టే కనిపెట్టి చీకట్లో వడ్డించింది. సర్పంచి ఇంటి విందులో ఆకులన్నింటికీ చారు పోసి ఒక్క చుక్క మాత్రమే ఒలికించింది. అదీ సర్పంచి బావమరిది చొక్కా మీద, కావాలనే.

భర్త రామాంజికి బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో లోడింగు పని. చాలా ఏళ్ళు ఒక్కడే ఉండి, నిరుడు వానాకాలంలో ఆమెను తీసుకొచ్చాడు. వఠారంలో వరసగా ఇళ్ళు, మధ్యలో కొళాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు కన్నడంలో మాట్లాడుకుంటూ ఉంటే ఓబులమ్మ బిందె నింపుకొని వచ్చేసేది. ఆమె లెక్క ఒకటే. విస్తరి ముందు కూర్చున్నది చుట్టం, బకెట్టు పట్టింది ఇంటిమనిషి. ఎన్నాళ్ళున్నా బకెట్టు చేతికి రాకపోతే ఆ ఊళ్ళో ఉన్నట్టు కాదు.

వఠారంలో వడ్డన పెత్తనమంతా శశికళది. తాతల నాటి నుంచి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. ఓబులమ్మ వెళ్ళి తన ఘనకార్యాలన్నీ వరసగా చెప్పింది, బావమరిది చొక్కాతో సహా. శశికళ నవ్వి చవితి విందులో పాయసం బకెట్టు ఇచ్చింది.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఆ సామెత ఓబులమ్మ దగ్గర చెల్లదు. ఆమె వడ్డిస్తే కడబంతి దాకా మిగలాలి కదా. ఆ రోజు కడబంతిలో కూర్చున్నది శశికళ, వఠారంలో పెద్దావిడ అక్కయమ్మ, పొద్దుటి నుంచి వంటపని చేసిన ఆడవాళ్ళు. బకెట్టు అడుగున రెండు జీడిపప్పులు కనిపించాయి.

"పాయసం యాడ?" అంది శశికళ.

"పెట్టేసినానక్కా."

"వద్దన్నోళ్ళకు పోసి, కావాలన్నోళ్ళకు లేకుండా చేస్తివి కదమ్మా. వాళ్ళంతా సాకు సాకు అని మొత్తుకుంటా ఉండిరి. వినబడలేదా?"

"వినబడబట్టే పోసినా. మీసాలు నెరిసినోళ్ళు గూడా చేతులడ్డం పెట్టి, నన్ను సాకు, నన్ను సాకు అంటాంటే ఎట్ల కాదనేది? ఆ అశోక్‌ను చూస్తే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. కన్నతల్లి పక్కనే కూర్చోనుండాది, అయినా నన్ను సాకమంటాండాడే అని."

ముందు అక్కయమ్మ నవ్వింది. ఆమె కట్టుడు పళ్ళు ఆకులో పడ్డాయి.

శశికళ నవ్వలేదు. ఆమెకు పాయసమంటే ప్రాణం. "సాకు అంటే చాలు అని, ఓబులమ్మా. కన్నడం. మేము ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆకు ముందు ఆ మాటే వస్తాది. ఇంక సాకు. బకెట్టు ఇట్లియ్యి."

ఓబులమ్మకు అర్థమైన మొదటి కన్నడ మాట అదే.

షిఫ్టు దిగి వచ్చిన రామాంజి సంగతంతా విని, పొర పోయేదాకా నవ్వాడు. "సాకు అంటే చాలు అనేకదా. నాకెప్పుడో తెల్సు."

"తెల్సినోడివి చెప్పకూడదా?"

"చెప్పినా ఏం లాభంలే. నేను తెలుగులో చాలు అంటే ఎప్పుడన్నా ఆగినావా?"

దసరాకు వఠారంలో మళ్ళీ విందు. శశికళ స్వయంగా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచింది. మొదటి బంతిలో, మొదటి ఆకు ముందు కూర్చోబెట్టి, "మొహమాటపడొద్దు ఓబులమ్మా, నెమ్మదిగా తిను" అంది. అంత మర్యాద చేస్తే ఎవరికి మాత్రం ఏడుపు రాదు? రసం కారంగా ఉందని చెప్పి కళ్ళు తుడుచుకుంది.

అయినా చేతులు కట్టుకు కూర్చునే మనిషి కాదు. నెల తిరగకుండా కన్నడం నేర్చుకుంది. కొళాయి దగ్గర కన్నడం, కూరగాయల బండి దగ్గర కన్నడం, కుక్కను అదిలించడం కూడా కన్నడంలోనే.

నవంబరు ఒకటిన కన్నడ రాజ్యోత్సవం. జెండా ఎగరేసి షామియానా కింద విందు పెట్టారు. సరిగ్గా అప్పుడే వాన దిగింది. రావలసినవాళ్ళలో సగం మంది రాలేదు. గుండిగల నిండా బిసిబేళె బాత్, కేసరి బాత్ ఉండిపోయాయి. శశికళ మనుషులు మర్యాదస్తులు, సాకు అన్న మొదటి మాటకే ఆగిపోయేవాళ్ళు. ఇట్లయితే సాయంత్రానికి అంతా పారబోయాలి.

శశికళ నేరుగా ఓబులమ్మ ఆకు దగ్గరికి వచ్చింది. "లెయ్. బకెట్టు పట్టు."

"వాళ్ళు సాకు అంటేనో?"

శశికళ ఒకసారి గుండిగల వైపు చూసింది. "నీకు కన్నడం రాదు కదా."

"రాదక్కా," అంది, ఆ పొద్దునే కన్నడంలో తగవాడి కొత్తిమీర రెండు కట్టలు కొసరు తెచ్చుకున్న ఓబులమ్మ.

ఆ వడ్డన చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అశోక్‌కుమార్, "సాకు ఆంటీ, సాకు" అంటే, "సాకుతా నాయనా, సాకక యాడికి పోతా" అంటూ పోసింది. ఒకాయన ఆకు మడిచి వానలోకి పరుగెత్తితే గొడుగు పట్టుకొని వెనకే వెళ్ళింది. గంట సేపు ప్రసంగించాలని వచ్చిన పెద్దమనిషి తిన్న తరువాత రెండు వాక్యాలు మాట్లాడి కూర్చున్నాడు. ఆ వఠారంలో అంతగా చప్పట్లు మోగిన ప్రసంగం మరొకటి లేదు. గుండిగలు కడగడానికి కూడా పని లేకుండా పోయింది.

నాటి నుంచి బకెట్టు ఆమెదే. కానీ జనం బతకాలి కదా. ఓబులమ్మ వస్తే కన్నడంలో సాకు అనకూడదు, తెలుగులో చాలు అనాలని, ఆ మాటకు ఆమె ఆగి తీరాలని శశికళ కట్టడి చేసింది. కన్నడం వాళ్ళు, తమిళం వాళ్ళు కూడా ఆ ఒక్క తెలుగు మాట నేర్చుకున్నారు. చిక్కు వచ్చిందల్లా మూలగదిలో ఉండే నరేశ్‌తో. బీహారు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చాడు. వాళ్ళ భాషలో చాలూ అంటే మొదలుపెట్టమని. ఆకలి మీద కూర్చొని, "చాలూ" అన్నాడు. జన్మలో మొదటిసారి ఓబులమ్మ మాట విని, అతడి ఆకు దాటి వెళ్ళిపోయింది. అతడు ఇంకా గట్టిగా అన్నాడు. ఆమె ఇంకా వేగంగా వెళ్ళింది. పాపం ఆ రోజు ఊరగాయతో లేచాడు. ఇప్పుడు అతడి సంగతి వేరు. అతడేమన్నా ఆమె వినదు, పోస్తుంది.

పోయిన నెలలో తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని ఊరికి ప్రయాణమైంది. వెళ్తూ బకెట్టును మేకుకు తగిలించి, "ఎవురన్నా పట్టుకుంటే పట్టుకోనీలే" అంది. బస్సులో కదిరి దాకా అదే దిగులు. పట్టుకుంటే తిరిగి ఇస్తారా?

తరువాతి వారమే వఠారంలో ఒక సీమంతం. శశికళ వడ్డించింది. అశోక్‌కుమార్ అలవాటుగా సాకు అన్నాడు. గరిటె ముందుకు వెళ్ళిపోయింది. అతడు ఖాళీ ఆకును కాసేపు చూసి, "ఒక్కసారి అంటే పోవడమేనా అక్కా?" అన్నాడు.

ఆ రాత్రే శశికళ ఫోను చేసింది. "ఎప్పుడొస్తావు ఓబులమ్మా?"

"ఇంగో నెల ఉండమంటాండారక్కా ఈడ. నా చేతి వడ్డన లేక ఊరు చిక్కిపోయిందంట."

"ఉగాదికి ఓలిగలు ఎవురు పెట్టేది?"

"నువ్వుండావు కదా," అంది ఓబులమ్మ, ఊపిరి బిగబట్టుకొని.

"నాకు కన్నడం వస్తాది కదమ్మా. సాకు అంటే ఆగిపోతా."

అవతల ఓబులమ్మ తమ్ముణ్ణి కేకేసి బస్సు ఎప్పుడుందో కనుక్కోమనడం వినిపించింది.

ఉగాది పంతొమ్మిదిన. కొళాయి పక్క గోడ మీద అశోక్‌కుమార్ సుద్దముక్కతో కన్నడంలో రాశాడు. దాని కిందే అక్కయమ్మ అదే మాట తెలుగులో రాసింది: ఓబులమ్మ వచ్చేది మార్చి 18, బుధవారం.