బాయిలరు తలుపు మీద చెయ్యి

మొన్న పొద్దున మా పెద్దోడు రొయ్యల గుంట కాడి జనరేటరు పొగగొట్టాన్ని విప్పి తెచ్చి, ఇంటి ముందు గోనెపట్టా మీద పెట్టుకొని, తుప్పంతా గీకేసి గుడ్డకు రంగులో కలిపే తిన్నరు పోసి తుడుస్తుంటే, ఆ వాసనకు నేను చేతిలో చేట అట్లాగే పెట్టుకొని గడపలో కూలబడిపోయాను. ఘాటు తలకెక్కిందేమోనని కోడలు మంచినీళ్లు తెచ్చింది. ఘాటూ కాదు, ఏమీ కాదు. అది నా కాపురం తొలినాళ్ల వాసన. మా ఆయన చొక్కాలో, దుప్పటిలో, చివరికి ఆయన కలిపిన అన్నం ముద్దలో కూడా ఉండే వాసన.

మా అల్లూరు పక్క సముద్రపు గాలి సంగతి నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కిటికీ ఊచ దగ్గర నుంచి బావి గిలక దాకా, ఇనుము అన్నదాన్ని ఏడాది తిరక్కుండా తినేస్తుంది. మా ఊళ్లో అప్పట్లో ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. దాని బాయిలరుకు బయట ఉప్పుగాలి, లోపల ఊకమంట. మామూలు రంగు వేస్తే నాలుగు రోజులకే అప్పడంలా పొంగి రాలిపోయేది. అందుకని వేడికి ఆగే వెండిరంగు వేయాలి. ఏటా కోతలు రాకముందు మిల్లు ఆపి, బాయిలరుకూ ఆకాశాన్నంటే దాని గొట్టానికీ ఆ రంగు వేసే పని మా ఆయనది. ఊళ్లో ఎన్ని గోడలకు సున్నం కొట్టినా, మిల్లు పెయింటరు అన్న పేరుతోనే ఆయనను నలుగురూ పిలిచేవాళ్లు. నేను కూడా ఆ పేరు విని కాస్త మురిసిపోయేదాన్ని, దాచుకోవడం ఎందుకు.

రంగు వేయడం ఒక పూట పని, దానికి ముందు చేసే పని వారం. తీగల బ్రష్షుతో తుప్పు రాల్చాలి, గరుకు కాగితంతో రుద్దాలి, తిన్నరు గుడ్డతో తుడవాలి. తుడిచాక ఇక దాన్ని ఎవరూ వట్టి చేత్తో తాకకూడదు. చెమట అంటినా సరే, నూనె అంటినా సరే, రంగు పట్టదు. అందుకే ఎవరు దగ్గరికొచ్చినా ఆయన నోట్లో ఒకటే మాట, చెయ్యి పెట్టొద్దు, చెయ్యి పెట్టొద్దు అని. రంగు ఆరాక కూడా ఒక్కసారిగా మంట వేయనిచ్చేవాడు కాదు. మొదటిరోజు దోసెడు ఊకతో సన్నటి మంట, మరునాడు ఇంకొంచెం, మూడోనాడు నిండుగా. అన్ని రోజులూ పచ్చి బాలింతను చూసుకున్నట్టు ఆ బాయిలరు పొయ్యి తలుపు ముందే కూర్చునేవాడు.

ఒక ఏడు గొట్టం మీద ఉండగా, కూర్చొని రంగు వేసే తాడు ఉయ్యాల జారి, మనిషెత్తు నుంచి పడి భుజం బెణికించుకున్నాడు. ఆ మరుసటి ఏడు ఆయన తాడు భుజాన వేసుకున్నప్పటి నుంచీ మళ్లీ పడతాడేమోనని నాకు ఒకటే దిగులు. మిల్లువాళ్లు కొత్త మంట వేసేముందు పొయ్యి తలుపుకు పసుపుకుంకాలు పెట్టి టెంకాయ కొట్టేవాళ్లు. మనిషి ఎక్కి దిగాక చేసే పూజ ఎవరిని కాపాడటానికి, ఎక్కినప్పుడు కదా చెయ్యాలి అనుకున్నాను. అన్నం క్యారియరుతో పాటు దీపం నూనెలో తడిపిన పసుపును ఒక ఆకులో మడిచి తీసుకుపోయాను. ఆయన పైన గొట్టం మీద ఉన్నాడు. కింద పొయ్యి తలుపు శుభ్రంగా తుడిచి, రంగుకు సిద్ధంగా ఉంది. చుట్టూ చూసి, అరచెయ్యి పసుపులో ముంచి, అయిదు వేళ్లూ ఆనించి మొక్కుకున్నాను. ఆ పచ్చటి చెయ్యి నన్నే చూస్తున్నట్టు అనిపించేసరికి, ఆయన తిడతాడని భయం వేసి కొంగుతో గట్టిగా తుడిచేశాను. పసుపు పోయింది. నూనె పోతుందా?

ఆయన క్షేమంగా దిగాడు, తిన్నాడు, తలుపుకు రంగు వేశాడు. మొదటిరోజు బాగుంది, రెండోరోజు బాగుంది. మూడోనాడు నిండు మంట మీద నేను క్యారియరుతో వెళ్లేసరికి తలుపు ముందు జనం. వెండిరంగు పొంగి రాలిపోయి, అరచెయ్యీ అయిదు వేళ్లూ నల్లటి ఇనుములో అచ్చుపోసినట్టు కనబడుతున్నాయి. వడ్లు ఆరబెట్టే ఆడవాళ్లలో ఒకామె చెంపలు వేసుకుంది.

"అమ్మోరు చెయ్యి పెట్టిందక్కా!"

"అమ్మోరికి మన మిల్లే దొరికిందా? వడ్లు తిరగేసిపో," అంది ఇంకొకామె.

మిల్లు యజమానికి నవ్వు రాలేదు. "ఏందబ్బా, ఇన్నేళ్ల నుంచి చేస్తా ఉండావు, తుడిచి పూయాలని నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు మా ఆయనతో, అందరి ముందూ.

మా ఆయన ఆ గుర్తు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా, "తప్పు నాదేనయ్యా, తుడిచింది చాల్లా," అన్నాడు. చేతికి గోనె చుట్టుకొని, ఆ సెగలోనే గీకుడు రేకు పట్టుకొని, వేళ్లు ఏవో అరచెయ్యి ఏదో తెలియకుండా చుట్టూరా గీకేశాడు.

నేను ఒక్క మాట చెప్పుంటే ఆయన పేరు నిలిచేది. క్యారియరు అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను. మరుసటి ఏడు నెల్లూరు నుంచి వేరే వాళ్లు వచ్చి రంగు వేశారు. ఆ తర్వాత ఆయన గేట్లకూ కిటికీ ఊచలకూ వేస్తూ ఒళ్లు అరగదీసుకున్నాడు గానీ, మిల్లు గడప మళ్లీ తొక్కలేదు. ఏటా కోతల కాలంలో చెప్పేద్దామని మాట గొంతుదాకా వచ్చేది, అన్నం ముద్దతో పాటే లోపలికి పోయేది. ఆయనకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియకుండానే ఇంత వయసు వచ్చేసింది.

మొన్న నీళ్లు తాగి లేచి, పొగగొట్టం ఎంత నున్నగా వచ్చిందో చూద్దామని ఊరికే చెయ్యి చాచాను. గోడవారన మంచం మీద, గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకోవాల్సిన మా ఆయన, కళ్లు మూసుకొని ఉన్నాడనుకున్న మనిషి, తల ఎత్తాడు.

"ఒరే, ముందు మీ అమ్మ చేతులు కట్టెయ్. తర్వాత కొట్టు రంగు."

పెద్దోడు నవ్వాడు. కోడలు నవ్వింది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

వాడు డబ్బా ఊపి బుస్సుమని రంగు కొట్టి, ఎండలో కాసేపు పెట్టి, మధ్యాహ్నానికల్లా జనరేటరుకు బిగించేసి మోటారు వేశాడు. సన్నటి మంట లేదు, ముందు కూర్చొని కాచుకునే మనిషీ లేడు. రాలిపోతే ఇంకో డబ్బా కొడతాడట. తప్పు ఎవరిదని అడిగేవాళ్లు లేరు, నాదేనని నెత్తిన వేసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. మిల్లు గొట్టాన్ని ఎప్పుడో కోసి పాత ఇనుముకు అమ్మేశారు, ఆ తలుపు ఎక్కడ కరిగిపోయిందో.

నేను చేతులు రెండూ కొంగులో చుట్టుకొని, మంచం మీద ఆయన కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చెప్పాల్సిన మాట ఇంక మిగల్లేదు.