చుట్టాలు లేని దారి

అంతయ్య మొదటిసారి హుస్నాబాద్ నుంచి కొండగట్టుకు కాలినడకన బయలుదేరినప్పుడు, పొద్దు నడినెత్తికి రాకముందే బండి మీద చేరుకున్నాడు.

మొక్కు ఆయన మొక్కింది కాదు. కరీంనగర్‌లో మోకాలికి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు, బయట బెంచీ మీద కూర్చున్న భార్య బాలలక్ష్మి కొండగట్టు అంజన్నకు మాటిచ్చేసింది: కాలు నయమైతే మనిషి కొండ దాకా నడిచే వస్తాడు, అందాకా మా ఇంట్లో మాంసం వండను. లోపల మత్తులో ఉన్నవాణ్ణి అడిగేదేముంది.

కాలు నయమైంది. నడకా బాగానే మొదలైంది. మొదటి ఊరు దాటగానే బామ్మర్ది శ్యాంసుందర్ బండి పక్కనే ఆగింది.

"నడుసుడేంది బావా? నేను లేనా?"

"మొక్కురా."

"మొక్కు నీది, బండి నాది. నువ్వు కుంటుకుంట పోతే దేవునికేమొస్తది? ఎక్కు."

అంతయ్యకు ఎవరినీ కాదనడం చేతకాదు. ఎక్కాడు.

మరుసటి ఏడు కరీంనగర్ దాటేదాకా ఎవరి కంటా పడలేదు. అప్పుడే వాళ్ల వాడకట్టు పిల్లగాడు రాకేశ్, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చినవాడు, కారాపాడు. "పెద్దబాపూ, కొత్త కారు. నీ కాలు పడాలె." ఎక్కకపోతే కండ్లల్ల నిప్పులు పోసుకున్నాడని వాడకట్టంతా అనదూ? ఎక్కాడు. ఏసీ చల్లగా ఉందని మెచ్చుకున్నాడు కూడా.

బాలలక్ష్మి రెండుసార్లూ ఆయన అరికాళ్లు చూసింది. "దేవుణ్ణి జూసొచ్చినవ్. మొక్కయితే తీర్వలే."

అలా రెండు దసరాలు వంకాయతో గడిచాయి. పక్కింటి నుంచి మసాలా వాసన వస్తుంటే అంతయ్య లేచి కిటికీ మూసుకున్నాడు.

మూడో ఏడు, దసరా ఇంకా ముందుండగానే, వాకిట్లో కూర్చుని పుల్లతో మట్టిలో దారి గీశాడు. ఊరు పేరు చెప్పడం, బాలలక్ష్మి చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా జవాబివ్వడం.

"గక్కడ మా మేనమామ."

"పోనీ, గిటు?"

"చిన్నమ్మ బిడ్డనిచ్చిండ్రు."

"మీవోళ్లు లేని ఊరే లేదానే?"

"మావోళ్లు లేకుంటే గదేం ఊరు."

ఊళ్లన్నీ కొట్టేస్తే ఊళ్ల మధ్యన మిగిలిందే దారి. కాలువ కట్ట, చెరువు కట్ట, గుట్టల అడుగున బండ్ల బాట. ఆ దారినే నడక మొదలుపెడితే రాళ్ల లారీలు లేవు, హారన్లు లేవు, తన చెప్పుల చప్పుడు తనకే వినిపించింది. చెరువులో తామరలు, వాటి మీద అదరక బెదరక నడిచే నీటికోళ్లు. గుట్ట పక్కన సీతాఫలాలు చెట్టు మీదే విచ్చుకుని ఉంటే కోసుకుని తిన్నాడు. బామ్మర్దికి భయపడి వచ్చినవాడు, రెండో రోజుకల్లా కూనిరాగం తీస్తున్నాడు.

ఆ రాగం మధ్యలోనే తెలిసిన బండి చప్పుడు. అంతయ్య మక్కచేనులోకి దిగిపోయాడు. శ్యాంసుందర్ కట్ట మీద బండి ఆపి, ఫోన్‌లో తీరికగా బర్రె బేరం మాట్లాడాడు. బేరం కుదిరేదాకా అంతయ్య ఒళ్లు దురద పెడుతున్నా కదల్లేదు.

కొండ దాకా నడిచి, అంజన్నను చూసి ఇంటికొచ్చాక బాలలక్ష్మి అరికాళ్లు చూసింది. బొబ్బలు. మసాలా నూరడానికి లేచింది.

దసరా నాడు శ్యాంసుందర్ పళ్లెంలోకి రెండోసారి మటన్ వేయించుకుంటూ మొహం ముడుచుకున్నాడు. అంతయ్య కట్ట మీద పోవడం గడ్డి కోసేవాళ్లు చూసి చెప్పారట.

"మా చేను పక్క నుంచే పోతివి, ఇంట్లకచ్చి చాయ్ గుడ తాగకపోతివి. మేం గంత కానోళ్లమైతిమా బావా?"

అంతయ్య మూలుగ బొక్క చప్పరించడం ఆపలేదు.

"చాయ్ తాగితే నువ్వు బండి దీస్తవు, నువ్వు బండి దీస్తే ఇయ్యాల నీ పళ్లెంల గుడ వంకాయనే ఉండేది, సప్పుడు జేయక తిను."