నేనిచ్చిన నిప్పు

నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. పంతులుగారు తరిమేశారని అక్క అనేది. ఇద్దరం ఇష్టపడే విడిపోయామని నేననేవాణ్ణి. తర్వాత తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర జట్కా తోలాను. నా మాటలకు నవ్వేవాళ్ళకు కొదవ లేదు. బండి దిగేదాకా నవ్వి, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. నవ్వి, ఆపైన అన్నం కూడా పెట్టే మనిషి అక్క ఒక్కతే. ఆమెను కొల్లేట్లో ఒక లంకలో ఇచ్చాం. బావ చేపలు పట్టేవాడు.

పంతొమ్మిదివందల ముప్ఫైల మొదట్లో ఒక గాలివానకు కొల్లేటి మధ్యలో బావ దోనె తిరగబడింది. వల కట్టే గుంజ పట్టుకుని కేకలు వేశాడు. అదే ఊరి మనిషొకడు పక్కనుంచే దోనెలో పోతున్నాడు. దోనె నిండా చేపల గంపలు. రెండు గంపలు నీళ్ళలోకి తోసేస్తే ఒక మనిషికి చోటయ్యేది. తొయ్యలేదు. గంపలు ఒడ్డున దించి మళ్ళీ వద్దామనుకున్నాడట. వచ్చేసరికి గుంజ ఒక్కటే ఉంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు. మర్నాడు తనే వచ్చి అక్క వాకిట్లో నిలబడి ఇదంతా చెప్పాడు.

పెద్దలు అతన్ని వెలివేశారు. పొద్దున్నే పొరుగింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చుకునే ఊరది. అతనికి ఎవరూ నిప్పివ్వకూడదు, ఎవరూ పలకరించకూడదు. అక్క తన పొయ్యిలో నిప్పు తన చేత్తో ఇస్తేనే వెలి తీరినట్టు. రెండేళ్ళయినా అక్క ఇవ్వలేదు. నేనడిగితే, "ఇవ్వకూడదని కాదురా. ఇవ్వడానికి అది నాది కాదు" అనేది. నాలుగో తరగతి పుస్తకంలో ఆ పాఠం లేదు. నాకర్థం కాలేదు.

ఒకసారి అక్కను చూడ్డానికి బయల్దేరి భీమడోలులో రైలు దిగాను. ముసురు పట్టింది. స్టేషను చూరు కింద చుట్ట కాలుస్తుంటే ఆ మనిషే వచ్చి నిలబడ్డాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

"ఏవండీ, కాస్త నిప్పిస్తారా?"

వంగినప్పుడు అతని మొలలో అగ్గిపెట్టె కనిపించింది. తడవకుండా తాటాకులో చుట్టి దోపుకున్నాడు. అంటే అతనడిగింది చుట్ట కోసం కాదు. నాకు తెలుసు. తెలియక చేశానని ఈనాటికీ ఎవరితోనూ అనలేదు. ఎదురుగా మనిషి మొహం వేలాడేసుకుని నిలబడితే ఓర్చుకోలేను, అదీ నా జబ్బు.

"ఇస్తానండీ. వాడుకుని మళ్ళీ తెచ్చిచ్చెయ్యాలి మరి" అంటూ నా చుట్ట ముందుకు చాచాను.

మూడోసారికి గానీ అతని చుట్ట అంటుకోలేదు. నవ్వబోయి ఏడ్చాడు. ఊరికి మంచినీళ్ళ చెరువు తవ్వించినంత గొప్పగా అనిపించింది నాకు.

వాన తెరిపిచ్చాక వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే లంక చేరింది. రేవులోనే ఒక పెద్దాయన నా భుజం తట్టాడు.

"మంచి పని చేశావయ్యా. పుట్టింటివాడివి, నువ్విచ్చావంటే ఆవిడిచ్చినట్టే. మాకూ ప్రాణం విసిగిపోయింది."

అప్పటికే అతని ఇంటికి పొరుగువాళ్ళు నిప్పు పట్టుకెళ్ళారు. కప్పు మీంచి పొగ లేస్తోంది.

అక్క వాకిట్లో వల బాగుచేస్తోంది. తలెత్తలేదు.

"ఇచ్చావా?"

"చుట్టకేలే అక్కా. పొయ్యికి కాదు."

నవ్వలేదు.

"ఆ రోజు గుంజ పట్టుకున్నది నువ్వా?"

"కాదు."

"పోనీ నేనా?"

అక్క వల కింద పెట్టింది.

"ఇవ్వాలంటే ఆ మునిగినాయన ఇవ్వాలి. నేనే రెండేళ్ళు నోరు మూసుక్కూచున్నానే, ఎవరిదిరా నువ్వు పంచిపెట్టొచ్చింది?"

అప్పటినుంచి ఊరంతా నాతో మాట్లాడేది, అక్క తప్ప. అక్క కోసమే నేనా ఊరు వెళ్ళేది. వెళ్తే వండేది, వడ్డించేది, నేను తినడం అయ్యేదాకా పక్కింటికి వెళ్ళి కూచునేది. నేను పిల్లికి కబుర్లు చెప్పేవాణ్ణి. చేపముల్లు అందగానే అదీ లేచిపోయేది.

ఆ మనిషి ఒకసారి గూడెం జట్కా స్టాండుకు పెద్ద కొర్రమేను తెచ్చాడు. "మీరు క్షమించారు, నాకది చాలండీ" అన్నాడు. మా గుర్రం చేపలు తినదని చెప్పి పంపేశాను. క్షమించానో లేదో నాకే తెలియదు. బావంటే నాకు ప్రాణం, నిజమే. కానీ ఆ నీళ్ళు మింగింది నేను కాదు. అతను నన్నేం చేశాడని నేను క్షమించాలి? ఆ మాట అతనితో అనడానికి నోరు రాలేదు. అంటే మళ్ళీ ఆ మొహం చూడాలి.

తర్వాతెప్పుడో అక్క ఇంట్లో ఒక్కణ్ణే తింటూ ముద్ద కంచంలో వదిలేశాను. "తప్పయిందక్కా" అన్నాను, గోడవతలకు వినబడేట్టు. వేళాకోళం లేకుండా నేనన్న మాట బహుశా అదొక్కటే.

 "నాకు చెప్పి ఏం లాభంరా" అని అవతల్నుంచి వినబడింది. కోపంగా కూడా లేదు.

కంచం నేనే కడిగి, బోర్లించి, రేవుకు నడిచాను.